బందరు రోడ్డు మీద ‘వ’ ఎటెళ్లింది?

విజయవాడ రైల్వే స్టేషన్ కోడ్ ఎప్పుడైనా గమనించారా? బీజెడ్‌ఏ. ఊరిని ఇంగ్లీషులో ‘బెజ్వాడా’ అని రాసిన రోజుల గుర్తు అది. పేరు మారినా కోడ్ మారలేదు. పెద్దవాళ్ల నోట్లో బెజవాడా పోలేదు.

పండిట్ నెహ్రూ బస్ స్టేషన్లో మచిలీపట్నం బస్సెక్కా. బోర్డు మీద మచిలీపట్నం అనే ఉంది, కండక్టర్ కేక మాత్రం ‘బందరు, బందరు!’. బందరంటే పారశీకంలో రేవు. ఇక్కడి నుంచి సుమారు 70 కిలోమీటర్లు.

కంకిపాడు దాటితే ఉయ్యూరు. అక్కడి బోర్డు చూడండి. తెలుగులో ‘ఉ’తో మొదలవుతుంది, ఇంగ్లీషులో మాత్రం ముందు ‘వీ’ అక్షరం. తప్పేం కాదు. మాట మొదట్లో ఉ, ఒ వస్తే పెదాలు గుండ్రంగా చుట్టుకుని చిన్న ‘వ’ పుట్టిస్తాయి. ఒకటి ‘వొకటి’గా వినపడేది అందుకే. ఎక్కడ ‘యెక్కడ’ అయ్యేదీ ఇలాంటి లెక్కే.

పల్లెల్లో దీనికి రివర్స్! ఉన్న ‘వ’ జారిపోతుంది. విన్నావా ‘ఇన్నావా’, వేడి ‘ఏడి’. పనిలో పనిగా ‘ళ’ కూడా ‘ల’ అయిపోతుంది. పక్క సీట్లో మామ్మగారు నన్ను అడిగింది అలాగే: “ఎక్కడికెల్తన్నా బాబూ?”

ముందు సీట్లో కాలేజీ అమ్మాయి ఫోన్లో వాళ్లమ్మతో “ఒచ్చేత్తన్నానమ్మా” అంది. ఫోన్ పెట్టేసి ఫ్రెండ్‌కి వాయిస్ మెసేజ్: “వచ్చేస్తున్నానే!” ఒక్క నిమిషంలో రెండు తెలుగులు. ముచ్చటేసింది. కానీ అవనిగడ్డ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా ఫ్రెండ్ గుర్తొచ్చాడు. హాస్టల్లో ‘ఎల్లొత్తా’ అన్నందుకు అందరూ నవ్వారు. ఆ ఏడాదంతా క్లాసులో నోరు విప్పలేదు వాడు.

‘కృష్ణా జిల్లా వాళ్లకి యాసే ఉండదు’ అంటుంటారు కదా. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విడదీశారు. అందులో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలది మధ్య మండలం. ఇక్కడ చదువుకున్నవాళ్ల మాటే ఎక్కువగా పత్రికలకీ, పుస్తకాలకీ ప్రామాణికమైంది. అంతేగానీ ఈ జిల్లాల్లో అందరూ అలా మాట్లాడతారని కాదు. ‘పోయిండు’ అనే తెలంగాణ కుర్రాడికీ, ‘పోయినాడు’ అనే సీమ కుర్రాడికీ ఎదురైన నవ్వే, డెల్టా నడిబొడ్డున పుట్టిన మా వాడికీ ఎదురైంది.

నిజానికి ఆ పలుకుబడికీ ఓ పద్ధతుంది. వస్తా ‘ఒత్తా’, చేస్తా ‘చేత్తా’, తెస్తా ‘తెత్తా’. చూశారా? ‘స్త’ ఉన్నచోటల్లా ‘త్త’. నోరు తిరక్క వచ్చిన తప్పయితే ఇంత వరసగా ఉండదు. పిల్లలకి ఇది ఎవరూ పాఠంలా చెప్పరు. ఇంట్లో వింటూ పట్టేస్తారు, అంతే.

ఇంటర్వ్యూకి వెళ్తే ప్రామాణిక భాష కావాలి. నేర్చుకోవాల్సిందే. దానికోసం అమ్మ మాటని దాచిపెట్టుకోవాల్సిన పని మాత్రం లేదు.

ఈసారి బందరు బస్సెక్కితే పామర్రు దాకా ఇయర్‌ఫోన్స్ తీసి జేబులో పెట్టండి. కిటికీ పక్క సీటు దొరక్కపోయినా ఫర్వాలేదు.