నీలగిరి రైలులో అబ్బాజాన్‌తో

మా తండ్రిగారు రైల్వేలో 32 ఏళ్లు గ్యాంగ్‌మన్‌గా పనిచేశారు. మండుటెండలో పట్టాల కింద కంకర సరిచేశారు. వాన రాత్రులలో లాంతరు పట్టుకొని మైళ్ల కొద్దీ నడిచారు. అయినా అక్కాతమ్ముళ్లమైన మేము పాఠశాల దరఖాస్తులలో తండ్రి వృత్తి అన్నచోట ‘రైల్వే ఉద్యోగి’ అని మాత్రమే వ్రాసేవారము. ‘గ్యాంగ్‌మన్’ అని వ్రాయడం మాకు నామోషీగా ఉండేది. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో మేము ఏనాడూ అడుగలేదు.

గత వేసవిలో ఆయనను నీలగిరి కొండ రైలు ఎక్కించాము. మెట్టుపాళయంలో ఫజ్ర్ నమాజు ముగించుకొని స్టేషనుకు చేరాము. ఉదయం 7.10కి చిన్న బండి కదిలింది. సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తు నుండి 2,203 మీటర్ల ఎత్తుకు, ఉదగమండలానికి, 46 కిలోమీటర్ల దారి అది. 1854లో తలపెట్టిన ఈ మార్గం పని 1891లో గాని మొదలు కాలేదు, 1908లో పూర్తయింది. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

మేము లోయలను చూస్తూ ఉంటే అబ్బాజాన్ చూపు మాత్రం కిందనే ఉంది. కల్లార్ దాటగానే పట్టాల నడుమ పళ్ల కడ్డీలు మొదలయ్యాయి. అక్కడ కొన్నిచోట్ల ప్రతి 12 మీటర్లకు ఒక మీటరు ఎత్తు ఎక్కాలి. నున్నని పట్టా మీద చక్రం జారిపోతుంది. ఆయన తన రెండు చేతుల వేళ్లను పక్కపక్కన పెట్టి మనుమడికి చూపించారు.

“కడ్డీలు రెండు. ఒకదాని పన్ను ఉన్నచోట రెండవదానికి సందు ఉంటుంది. ఇంజను పళ్లచక్రానికి ఎప్పుడూ ఏదో ఒక పట్టు దొరుకుతుంది, బేటా.”

“మరి ఇంజను ముందర లేదేం, దాదా?”

“పెట్టెలు వెనక్కు జారకూడదు కదా! అందుకే అది దిగువన ఉండి నెడుతుంది.”

హిల్‌గ్రోవ్‌లో ఇంజను నీటి కోసం బండి ఆగింది. అందరూ టీ కోసం, కోతులను చూడడం కోసం దిగారు. ఆయన నేరుగా మా పెట్టె బ్రేకు మనిషి వద్దకు వెళ్లారు. ఈయనకు తమిళం రాదు, అతనికి తెలుగు రాదు. చేసైగలతో, రైల్వే మాటలతో ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

తిరిగివచ్చి ఇలా అన్నారు: “పెట్టెకొక మనిషి. వెనకనున్న డ్రైవరుకు ముందు దారి కనబడదు. వీళ్ల జెండాలే అతని కళ్లు. మా పనీ అంతే. బండి వస్తే పక్కకు తప్పుకొని నిలబడేవాళ్లం. పట్టా బిగించింది ఎవరో లోపలివాళ్లకు ఎలా తెలుస్తుంది?”

ఆయన మాటలో నిష్ఠూరం లేదు. మాకు మాత్రం ఆ పాత దరఖాస్తులు గుర్తుకొచ్చి నోట మాట రాలేదు.

కూనూరులో ఆవిరి ఇంజను తీసి డీజిలు ఇంజను తగిలించారు. తేయాకు తోటల మీదుగా బండి సాగుతుండగా ఎదుటి సీటులోని పెద్దమనిషి, “మీ నాన్నగారికి ఇన్ని సంగతులు ఎలా తెలుసు? ఏం చేసేవారు?” అని అడిగారు.

“గ్యాంగ్‌మన్. 32 ఏళ్లు” అన్నాము, ఇద్దరమూ ఒకేసారి.

అబ్బాజాన్ ఏమీ అనలేదు. మనుమడి చేయి పట్టుకొని, రాబోయే మలుపులో పట్టా ఎటు వంగుతుందో చూపించసాగారు.

పెద్దలను విహారానికి తీసుకువెళ్లే పాఠకులకు మా మనవి ఒకటే. దారిలో వారు చేసిన పనిని గురించి అడగండి. మేము చాలా ఆలస్యంగా అడిగాము.