పిడికెడు బియ్యంతో మూడు ఊళ్ళు

యాత్ర అనగానే మన ఆడవాళ్ళకు పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు, పిల్లల స్వెట్టర్లు గుర్తుకొస్తాయి కదూ! మొన్న మార్చిలో మా సంఘం స్త్రీలం ఆరుగురం కలిసి చేసిన ప్రయాణంలో పులిహోర ఉంది, నీళ్ళూ ఉన్నాయి. అయితే అందరికంటే ముందు తుఫాన్ బండి ఎక్కింది మాత్రం ఒక బియ్యం బస్తా.

ఆ బస్తా సంగతి ముందు చెప్పాలి. మన తెలుగు సంఘాల్లో ఎప్పటి నుంచో ఒక అలవాటు ఉంది. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. నెలాఖరుకు ఆ డబ్బా చర్చికి చేరుతుంది. ఇంట్లో ఎవరికీ అన్నం తగ్గదు, లేనివాళ్ళకు ఒక పూట గడుస్తుంది. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులు మాకు శ్రమదినాలు. ఆ రోజుల్లో పోగైన బియ్యం పట్టుకుని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో అవసరంలో ఉన్న కొన్ని ఇళ్ళకు వెళ్ళి, ప్రార్థన చేసి వద్దామని బయలుదేరాం. ఇచ్చి వద్దామనే వెళ్ళాం. ఏం తెచ్చుకున్నామో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

జగిత్యాలలో

కరీంనగర్ నుంచి జగిత్యాల సుమారు 50 కిలోమీటర్లు. దారిలో కొండగట్టు వస్తుంది. 2018 సెప్టెంబరు 11న ఆ ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. ఆ మలుపు కనబడగానే బండిలో మాటలు వాటంతటవే ఆగిపోయాయి. ఏ మతమైతేనేం, పోయిన ప్రతి ప్రాణానికీ వెనక ఒక ఇల్లు ఉంటుంది కదా. అక్కడ బండి ఆపి రెండు నిమిషాలు ప్రార్థన చేసుకున్నాం.

జగిత్యాల దగ్గర పడుతుంటే గాలిలో ఘాటైన వాసన. పసుపు ఉడకబెట్టే రోజులు మరి! కల్లాల్లో కొమ్ములు ఆరబోసి ఉన్నాయి, పక్కనే మామిడి తోటలు పిందెలతో ఉన్నాయి. ఊళ్ళో చూడదగినది కోట. 1747లో కట్టారని చెబుతారు. నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకంతో ఉంటుంది. వంట చేసే మనకు జగిత్యాల మరోలా కూడా పరిచయమే. 'జగిత్యాల సన్నాలు' ఇక్కడి పొలాస వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పుట్టిన వరి రకమే.

సాయంకాలం ఒక ఇంటి వరండాలో ప్రార్థన కూడిక. అయిపోయాక బియ్యం పంచుతుంటే ఒక ముసలమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆమె సంచీ నింపబోయాను. ఆమె ముందుగా కొంగుముడి విప్పి, అందులోని పిడికెడు బియ్యం మా బస్తాలో పోసింది. "నేను దెచ్చింది ముందు ఏసిన బిడ్డా, ఇగ నువ్వు ఇచ్చేది తీస్కుంట" అంది. ఒంటరి మనిషి, పింఛను మీద బతుకుతుంది. నాకు సారెపతు ఊరి విధవరాలు గుర్తుకొచ్చింది. కరువు కాలంలో తొట్టి అడుగున మిగిలిన పిడికెడు పిండితో ముందు ఏలీయా ప్రవక్తకు రొట్టె చేసి పెట్టిన తల్లి ఆమె. బైబిలులో ఆ కథ ఎన్నిసార్లు చదివానో! కళ్ళారా చూడడం మాత్రం అదే మొదలు.

కోరుట్లలో

మర్నాడు పొద్దున్నే కోరుట్ల. మెట్‌పల్లి, నిజామాబాద్ వైపు వెళ్ళే హైవే మీద ఉంది ఈ ఊరు. ఈ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మగవాళ్ళు చాలామంది దుబాయి, మస్కట్, సౌదీ పనులకు వెళ్ళారు. ఇళ్ళ దగ్గర ఆడవాళ్ళ ఒళ్ళో చాట, చేతిలో కత్తెర. తునికాకును తడిపి, కొలత ప్రకారం కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారం కడతారు. ఇంటి పని చేసుకుంటూనే రోజుకు వెయ్యి దాకా చుట్టేవాళ్ళున్నారు. వాళ్ళ వేళ్ళను చూస్తుంటే మన చూపు వాటి వేగాన్ని అందుకోలేదు.

ఇక్కడ నా మనసులోని మాట దాచకూడదు. మా నాన్నగారు బీడీలు తాగి తాగి, చివరికి ఆ దగ్గుతోనే పోయారు. బీడీ కట్ట కనబడితే ఇప్పటికీ నా మనసు మండుతుంది. అందుకే మేము వెళ్ళిన ఇంట్లో ఆ చెల్లెలు చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని ప్రార్థనకు కూర్చుంటే, నేను మనస్ఫూర్తిగా 'ఆమెన్' అనలేకపోయాను.

ఆమె అది గమనించిందో ఏమో, అందరూ లేచాక నన్ను ఆపింది. "అక్కా, ఒక మాట అడుగుత. బీడీలు జేసే చేతులతోటి ప్రార్థన జేస్తే దేవుడు వింటడా?" అంది. నేను మా నాన్న సంగతి చెప్పాను. ఆమె తల దించుకుంది. భర్త దుబాయి పోయి నాలుగేళ్ళట. పంపే డబ్బు ఏజెంటు కోసం చేసిన అప్పు వడ్డీకే సరిపోతోంది. "ఇది బంద్ జేస్తే బిడ్డ కాలేజీ ఫీజు ఎట్లక్కా? అందుకే కట్ట కట్టినప్పుడల్లా, తాగేటోని పానం కాపాడు తండ్రీ అని ఒక్క మాట అనుకుంట" అంది.

కట్టకు ఇరవై అయిదు బీడీలు. వెయ్యికి నలభై కట్టలు. అంటే ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కోసం రోజుకు నలభై ప్రార్థనలు! మా నాన్న తాగిన ఏదో ఒక కట్ట వెనక కూడా ఇలాంటి తల్లి ఉందేమో. అది ఆలోచించగానే ఇన్నేళ్ళ నా కోపం కొంచెం కరిగింది. పొగాకు చేటే, అందులో మాట మార్చను. చుట్టేవాళ్ళకు కూడా ఆ ధూళి మంచిది కాదు. అయితే వేరే బతుకుతెరువు చూపించకుండా 'మానేయమ్మా' అని చెప్పి వచ్చేయడం కూడా సేవ కాదని తెలిసింది. ఆమె ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు, ఆమె చేతులు పట్టుకుని ప్రార్థన చేశాను. ఈసారి 'ఆమెన్' గట్టిగానే అన్నాను.

కోరుట్ల నుంచి పడమరగా వెళ్తే నిజామాబాద్, దాని దగ్గరే డిచ్‌పల్లి. 1915లో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, భర్తతో కలిసి అక్కడ కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి మొదలుపెట్టింది. దానికి డబ్బిచ్చిన దాత రాజా నర్సాగౌడ్ హిందువు. నలుగురూ ముట్టుకోవడానికి జంకిన చేతుల్ని ఆమె పట్టుకుంది. తిరుగు దారంతా నేను ఆ సంగతే ఆలోచించాను.

సిరిసిల్లలో

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ చేరాం. రాజన్న గుడి ఆవరణలోనే దర్గా కూడా ఉండడం ఇక్కడి విశేషం. అక్కడి నుంచి పది పన్నెండు కిలోమీటర్లు వెళ్తే మానేరు ఒడ్డున సిరిసిల్ల. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరు. వీధిలో అడుగు పెట్టగానే మరమగ్గాల చప్పుడు ఎదురొస్తుంది. 2017 నుంచి 2023 దాకా ప్రభుత్వం బతుకమ్మ చీరల పని ఇచ్చింది. పని ఉన్న నెలల్లో పొయ్యి వెలుగుతుంది, మగ్గం ఆగితే అప్పు మొదలవుతుంది. ఆ అప్పులు మోయలేక ప్రాణాలు తీసుకున్న నేతన్నలు ఎందరో.

అలా భర్తను పోగొట్టుకున్న ఒక చెల్లెలి ఇంటికి వెళ్ళాం. కుట్టు నేర్చుకుని జాకెట్లు, లంగాలు కుడుతుంది. మిగిలిన గుడ్డతో చిన్నపిల్లల గౌన్లు కుట్టి పెట్టుకుంటుంది. తనలా కష్టం వచ్చిన ఇల్లు ఉందని తెలిస్తే, ఆ పిల్లల కోసం అవి పట్టుకుని వెళుతుందట.

"అక్కడ వాళ్ళకేం చెబుతావమ్మా?" అని అడిగాను. అది నాకు నిజంగా తెలియని విద్య.

"ఏం జెప్పనక్కా, కూసుంట అంతే. మా ఇంట్ల అయినప్పుడు అందరొచ్చి దేవుని చిత్తం అన్నరు. గా మాట నా చెవుల పడలే. ఒక్కామె మాత్రం వంటింట్లకు పోయి, చాయ్ పెట్టి పిల్లలకు తాగిపిచ్చింది. గదొక్కటే యాదికున్నది" అంది.

నాకు సిగ్గనిపించింది. 'దేవుని చిత్తం' అని ఎన్ని ఇళ్ళలో చెప్పి వచ్చానో! యొప్పే పట్టణంలో దొర్కా అనే స్త్రీ చనిపోయినప్పుడు విధవరాండ్రంతా ఏడుస్తూ, ఆమె తమకు కుట్టి ఇచ్చిన బట్టలు పేతురుకు చూపించారని బైబిలులో ఉంది. ఆమె చెప్పిన మాటలు ఎవరూ చెప్పుకోలేదు, కుట్టిన బట్టలే చూపించారు.

మీరూ చేయవచ్చు

ఇంటికి వచ్చాక మా డబ్బా కడిగి, ఆరబెట్టి, మళ్ళీ అరలో పెట్టాను. శ్రమదినాలు అయిపోయినా ఇక తీయను. తీరిక ఉన్నప్పుడు, కష్టాలన్నీ గట్టెక్కాక సేవ చేద్దామనుకుంటాం మనం. ఈ మూడు ఊళ్ళలో నేను చూసిన వాళ్ళెవరూ గట్టెక్కినవాళ్ళు కాదు.

దీనికి మీరు ఏ మతం వారైనా ఫరవాలేదు. రేపు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు పక్కన పెట్టి చూడండి. డబ్బాలో నాలుగు ఎండు వేపాకులు వేస్తే పురుగు పట్టదు. నెలాఖరుకు మీ వీధిలోనే ఎవరికి ఇవ్వాలో మీకే తెలుస్తుంది. ఇవ్వడానికి వెళ్ళినప్పుడు గుమ్మంలో నుంచే తిరిగి రాకండి. కాసేపు కూర్చోండి. కుదిరితే వంటింట్లోకి వెళ్ళి, చాయ్ మీరే పెట్టండి.