20 నిమిషాల రూలు

పోయిన వారం పల్లెలో చదువుకునే గది కోసం పడ్డ తిప్పలు రాశాను. ఈ వారం క్రికెట్ గురించి రాస్తున్నాను. "ఉద్యమం వదిలేసి ఆటల మీద పడ్డావేంటన్నా" అని కొందరు నవ్వుతారని తెలుసు. చివరిదాకా చదవండి. ఒక సీజనంతా మా దగ్గరి క్రికెట్ అసోసియేషన్‌కి సెక్రటరీగా చేశాను. ఇన్నేళ్ల సభల్లో, ధర్నాల్లో నాకు అర్థం కానిది ఒకటి ఆ రిజిస్టరు దగ్గర అర్థమైంది. అందులో నా తప్పు కూడా ఉంది. అందుకే రాస్తున్నా.

మాది బాపట్ల జిల్లా. నా చిన్నప్పటి నుంచీ సంక్రాంతికి ఊరోళ్లు టోర్నమెంటు పెట్టేవాళ్లు. ఎంట్రీ ఫీజు మేమూ కట్టేవాళ్లం. తెల్లారకముందే పిచ్ మీద నీళ్లు కొట్టేది మేము. రోలరు లాగేది మేము. కంపచెట్లలో పడ్డ బంతి వెతికేది మేము. మిట్టమధ్యాహ్నం మ్యాచ్ మాది. అంపైర్లు వాళ్లు, స్కోరు వాళ్లది, మైకు వాళ్లది. ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది అని అడిగినోడు తర్వాతి ఏడాది ఆడలేదు.

మా బాబాయి కాలంలో ఇంకా ఘోరం. ఆయన ఎడమచేతి ఫాస్ట్ బౌలరు. వికెట్ తీస్తే ఊరంతా చప్పట్లు కొట్టేదంట. దాహమేస్తే మాత్రం పక్కకి పోయి దోసిలి పట్టాలంట. "మన బంతి కావాల్రా వాళ్లకి, మన చెయ్యి అక్కర్లేదు" అని ఇప్పటికీ అంటాడు.

ఇది మా ఊరి కథే కాదు. పల్వంకర్ బాలూ పేరు మీలో కొందరు విని ఉంటారు. 1876లో ధార్వాడ్‌లో చమార్ కుటుంబంలో పుట్టాడు. పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో పిచ్ చదును చేస్తూ, నెట్స్‌లో దొరలకి బంతులేస్తూ పెద్ద ఎడమచేతి స్పిన్నరయ్యాడు. అక్కడి హిందూ టీముకి ఆయన బౌలింగ్ కావాల్సొచ్చింది. మైదానంలో ఆయన ముట్టుకున్న బంతినే అందరూ ముట్టుకునేవాళ్లు. టీ విరామంలో మాత్రం ఆయనకి పెవిలియన్ బయట మట్టి ముంతలో టీ పోసేవాళ్లు. 1911లో ఇండియా టీముతో ఇంగ్లండు వెళ్లి ఆ ఒక్క టూరులో 100కి పైగా వికెట్లు తీశాడు. హిందూ టీముకి కెప్టెన్సీ మాత్రం ఇవ్వలేదు. ఆయన తమ్ముడు విఠల్‌కి ఆ కెప్టెన్సీ 1923లో గానీ దక్కలేదు. అదీ అన్నదమ్ములు ముందు అలిగి టీములోంచి తప్పుకుని గొడవ చేశాక. (ఇదే బాలూ 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున బాబాసాహెబ్ మీద నిలబడి ఓడిపోయాడు. అది వేరే కథ, ఇంకో వారం రాస్తా.)

ఆడనిచ్చారు, నడపనివ్వలేదు. నూరేళ్ల కిందటి బాలూ నుంచి మా బాబాయి దాకా ఇదే లెక్క.

మూడేళ్ల కిందట ఒక రనౌట్ దగ్గర గొడవైంది. మా కుర్రాడు క్రీజులోకి వచ్చాడని చూసినోళ్లందరికీ తెలుసు. వాళ్ల అంపైరు వేలెత్తాడు. మావాడు బ్యాట్ నేలకేసి కొట్టాడు. ఒకడు కులం పేరెత్తాడు. పది నిమిషాల్లో రెండు వైపులా వంద మంది పోగయ్యారు. ఆ రోజు మా అమ్మ చీర కొంగు నడుముకి చెక్కుకుని గ్రౌండులోకి పరిగెత్తుకుంటూ వచ్చి మా పిల్లల్ని ఒక్కొక్కణ్ణీ చొక్కా పట్టి లాక్కుపోయింది. పిరికితనం కాదది. 1985 జులైలో కారంచేడులో చెరువు నీళ్ల దగ్గర మొదలైంది. 1991 ఆగస్టులో చుండూరులో, సినిమా హాల్లో కాలు తగిలిన దగ్గర మొదలైంది. మా తల్లులకి చిన్న గొడవ అనేది లేదు. రనౌట్ అంటే వాళ్లకి శవాలు కనపడతాయి.

తర్వాత ఊళ్లో టోర్నమెంటు నడిపే పెద్దలు పిల్లల దగ్గరికని హైదరాబాదు, అమెరికా పోయారు. టోర్నమెంటు ఆగిపోయింది. ఆడాలనే కోరిక ఊరి కుర్రాళ్లకీ ఉంది. గ్రౌండేమో చెరువు పక్క పోరంబోకు, ఎవరి సొత్తూ కాదు. అలా అందరూ కలిసి అసోసియేషన్ పెట్టుకున్నారు. మొత్తం 8 టీములు. ఊరివి రెండు, మా మాదిగపల్లెవి రెండు, మాలపల్లెది ఒకటి, ఎస్టీ కాలనీలో యానాది పిల్లలది ఒకటి, పాలెంలో గౌడ కుర్రాళ్లది ఒకటి, మసీదు వీధిది ఒకటి. సెక్రటరీ ఎవరంటే "మేష్టారున్నారుగా, రాతకోతలు తెలిసినాయన" అన్నారు. అలా రిజిస్టరు మొదటిసారి పల్లెకి వచ్చింది.

రెండు పేజీల రూల్సు రాశాను. కెప్టెన్ ఒక్కొక్కరికీ ఒకే ఓటు. ఆడే రెండు టీముల వాళ్లూ ఆ మ్యాచ్‌కి అంపైరింగ్ చెయ్యకూడదు. గ్రౌండులో ఎవరైనా కులం పేరుతో తిడితే ఆ మ్యాచ్‌తో పాటు ఇంకో రెండు మ్యాచ్‌లు బయటే. లెక్కలు మైకులో చదవాలి. ఇంకొకటి, టీము 20 నిమిషాలకు మించి ఆలస్యమైతే పాయింట్లు ఎదుటి టీముకి.

ఈ చివరి రూలు రాసేటప్పుడు నా మనసులో ఊరోళ్లే ఉన్నారు. పాత టోర్నమెంటులో వాళ్లు తీరిగ్గా టిఫిన్లు చేసి వచ్చేదాకా మేం ఎండలో కూర్చునేవాళ్లం.

టెన్నిస్ బాల్, 12 ఓవర్ల మ్యాచ్‌లు. ఒక్కో టీము మిగతా ఏడింటితోనూ ఆడాలి కాబట్టి లీగ్‌లో 28 మ్యాచ్‌లు, సెమీస్, ఫైనల్ కలిపి 31. ఆదివారానికి మూడు. పొద్దున 7కి ఒకటి, 1:30కి ఒకటి, 3:45కి ఒకటి. పల్లె టీముల్ని పొద్దున వెయ్యకుండా చూశాను. మందిరం మానేసి బ్యాటు పట్టుకుంటే ఇంట్లో అన్నం పెట్టరు.

మూడో ఆదివారం ఊరి మొదటి టీము 25 నిమిషాలు ఆలస్యంగా బైకుల మీద నవ్వుకుంటూ వచ్చింది. నేను రిజిస్టరు చూపించాను. స్కోరు రాసేది మా పల్లె డిగ్రీ అమ్మాయి. టైము కూడా తనే రాస్తుంది. "7:25 అన్నా" అంది, తలెత్తకుండా. పాయింట్లు మసీదు వీధికి ఇచ్చేశాను. సాయంత్రానికి ఊరి పెద్దాయనొకరు ఫోన్ చేశారు. "ఏం మేష్టారూ, ఆటలకి కూడా చట్టాలేంటండీ, పిల్లల సరదా కదా" అన్నారు. "పిల్లలందరికీ సరదానే కదండీ, టైముకి రమ్మనండి" అన్నాను. ఆ రాత్రి పల్లెలో నన్ను చూసి పెద్దోళ్లు అరుగు మీంచి లేచి పలకరించారు. నాకూ ఛాతీ పొంగింది. దాచుకోను.

ఏడో ఆదివారం, 1:30 మ్యాచ్. ఎస్టీ కాలనీకీ మా మాదిగపల్లె రెండో టీముకీ. మా టీము కెప్టెన్ నా మేనల్లుడు.

యానాది పిల్లలు 1 గంటకే వచ్చి బంతి విసురుకుంటున్నారు. మావాళ్లలో నలుగురే ఉన్నారు. మిగిలిన ఏడుగురూ మిర్చి లోడుకి పోయారని తెలిసింది. గుంటూరు మిర్చి యార్డుకి శని, ఆదివారాలు సెలవు. సోమవారం పొద్దునకి సరుకు యార్డులో ఉండాలంటే ఆదివారమే లారీలు ఎత్తాలి. సీజన్‌లో కూలి బాగా దొరికే రోజు అదే. పన్నెండుకల్లా అయిపోతుందని రైతు చెప్పాడంట. కాటా దగ్గర ఆలస్యమైంది.

1:50 అయింది. ఆ అమ్మాయి వాచీ చూసి నా వంక చూసింది. ఇంకొంచెం ఆగమన్నాను. అది తప్పు, మూడో ఆదివారం నేనలా అనలేదు. 2:10కి ఆటో వచ్చింది. ఏడుగురూ దిగారు. చొక్కాలు ఎర్రగా ఉన్నాయి. కళ్లు నలుపుకోకుండా చేతులు దూరంగా పెట్టుకుని నడుస్తున్నారు. మిర్చి మోసిన చేతులు అలాగే ఉంటాయి.

"మావయ్యా, లోడు. కాటా కాడ ఆపేశారు" అన్నాడు మేనల్లుడు.

యానాది పిల్లల కెప్టెన్ నా దగ్గరికొచ్చి, "పర్లేదన్నా, ఆడతాం" అన్నాడు.

చాలామంది అక్కడ ఆడించేసి ఉండేవాళ్లేమో. నేనూ నోరు తెరవబోయాను. కానీ ఆ "పర్లేదు" నాకు తెలుసు. మనం తరతరాలుగా ఊరికి చెప్పిన మాట అది. వాళ్లు దాన్ని ఊరికీ చెప్పారు, మాకూ చెప్పారు. ఆ పిల్లలూ రొయ్యల చెరువుల కాడ కాపలా పని మానుకుని వచ్చినోళ్లే. నా వాళ్ల కోసం రూలు వంచితే ఆ బరువు పడేది ఊరి మీద కాదు, మాకంటే కింద ఉన్నోళ్ల మీద. అవతల వేపచెట్టు కింద, మూడో ఆదివారం పాయింట్లు పోగొట్టుకున్న ఊరి కెప్టెన్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

పాయింట్లు ఎస్టీ కాలనీకి రాసి సంతకం పెట్టాను.

మేనల్లుడు ఏమీ అనలేదు. బ్యాటు ఆటోలో పడేసి వెళ్లిపోయాడు. మా అక్క వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు మా గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగింది. "నీకు ఆదివారం సెలవురా. మరి వాడికి?"

ఆ మాట ఇప్పటికీ తగులుతుంది. నాకు నెల జీతం. రిజర్వేషన్ వల్ల వచ్చిన ఉద్యోగం, బాబాసాహెబ్ పెట్టిన భిక్ష. నేను ఆ రూలు రాసింది ఊరోళ్ల బద్ధకం చూసి, నా గడియారం చూసి. కూలికి పోయేవాడి గడియారం రైతు చేతిలో ఉంటుందని నాకు తట్టలేదు. పల్లెలోనే పుట్టి పెరిగి కూడా తట్టలేదు. రాసేముందు ఎవరు ఎప్పుడు పనికి పోతారని ఒక్కణ్ణి కూడా అడగలేదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ హెచ్చరించింది ఇదే కదా, ఓటు దగ్గర సమానం, బతుకు దగ్గర అసమానం అని. ఆ ప్రసంగం గురించి నేను పది సభల్లో మాట్లాడి ఉంటాను. నా రెండు పేజీల్లో దాన్ని మర్చిపోయాను.

రూలు వంచకూడదు. తప్పు రూలైతే అందరి ముందూ మార్చాలి. ఆ వారమే కెప్టెన్లని పిలిచాను. మొదట నా తప్పు చెప్పాను. తర్వాత ప్రతిపాదన పెట్టాను. 20 నిమిషాల రూలు అలాగే ఉంటుంది. కానీ పనికి పోవాల్సిన టీము శనివారం రాత్రి 8 లోపు చెబితే మ్యాచ్ 3:45కి మారుస్తాం, అదీ కుదరకపోతే సీజన్‌లో ఒకసారి వచ్చే వారానికి మారుస్తాం. ఏ టీమైనా అడగొచ్చు.

ఊరి మొదటి టీము కెప్టెన్ లేచాడు. "అందరికీ ఒకటే రూలన్నారు. ఇప్పుడు పనోళ్లకి వేరే రూలా?"

"అందరికీ ఇదే రూలు. నువ్వూ పనుంటే అడుగు" అన్నాను. ఊరి రెండో టీము కెప్టెన్ వాళ్ల నాన్న కౌలు రైతు. అతను చెయ్యెత్తాడు. "మాకూ కోతలప్పుడు కావాలి" అన్నాడు. ఓటింగులో ఆరు చేతులు లేచాయి, రెండు లేవలేదు. ఒకటి ఊరి మొదటి టీముది. రెండోది మా మేనల్లుడిది.

బయటికొచ్చాక అడిగాను. "నా మ్యాచ్ పోయాక తెచ్చిన రూలు నాకెందుకు మావయ్యా" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

వాళ్ల టీము 2 పాయింట్ల తేడాతో సెమీస్‌కి రాలేదు. నాలుగో స్థానంలో వచ్చింది ఎస్టీ కాలనీ, ఆ పాయింట్లతోనే. సెమీస్‌లో వాళ్లూ ఓడిపోయారు. ఏప్రిల్ 14న ఫైనల్ మాలపల్లెకీ ఊరి రెండో టీముకీ జరిగింది. 9 పరుగులతో ఊరు గెలిచింది. అంబేడ్కర్ ఫొటో పక్కన నిలబడి కప్పు ఇచ్చింది మా బాబాయి. కౌలు రైతు కొడుకు వంగి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాడని రాస్తే మీకు బాగుంటుంది. అలాంటిదేం జరగలేదు. చెయ్యి కలిపాడు, కప్పు తీసుకున్నాడు. ఒకప్పుడు ఈ గ్రౌండులోనే దోసిలి పట్టిన చెయ్యి అది. బాబాయి ఇంటికొచ్చాక కూడా ఆ చేతిని కాసేపు చూసుకున్నాడు.

తర్వాత మైకులో లెక్క చదివాను. ఎంట్రీ ఫీజులు 12,000 రూపాయలు. బంతులకి 4,340. అంపైర్లకి 6,200. నీళ్ల క్యాన్లకి 720. సున్నానికి 600. మిగిలింది 140. కప్పు హైదరాబాదులో పనిచేసే మా కుర్రాళ్లు కొనిచ్చింది. 140 రూపాయల లెక్కకి జనం చప్పట్లు కొట్టడం నేను మొదటిసారి చూశాను. వాళ్లు ఇన్నేళ్లుగా వినాలనుకున్నది అదే.

మొన్న మేనల్లుడు ఇంటికొచ్చాడు. అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుని, "మావయ్యా, ఆ రిజిస్టరోసారి ఇయ్యి" అన్నాడు. ఎందుకన్నాను. "వచ్చే సీజన్‌కి ఎవరెవరు ఏ పనికి పోతారో ముందే రాసుకుని ఫిక్చర్ వెయ్యాలి. నువ్వు వెయ్యలేవు. నీకు తెలీదు."

ఇచ్చేశాను.

జై భీమ్.