దాగే చోటు లేని నేల మీద పెన్న

పెన్న నంది కొండల్లో పుట్టి హిందూపురం దగ్గర తెలుగు నేల మీదికి వస్తుంది. మధ్యలో ఒకసారి కర్ణాటక పావగడ తాలూకాలోకి పోయి, నాగలమడక దాటి, పేరూరు దగ్గర మళ్లీ మనవైపు తిరుగుతుంది. అక్కణ్ణుంచి పెన్నహోబిలం దాకా దాని నడక ఉత్తరానికే. నదిని వెంబడి పోతున్నామన్న మాటే గాని ఏడాదిలో చాలా నెలలు కాళ్ల కింద ఉండేది ఇసుకే. ఒడ్డున సర్కారు తుమ్మ, అవతల వేరుశనగ చేలు, వాటి వెనక బోడి గుట్టలు. ఏటా 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల ఇది.

ఈ దారిలో నా మనసంతా ప్రభుత్వాలు వెతికిన మనుషుల మీద ఉంది. పారిపోయినవాడంటే మనకు వెంటనే అడవి తలపుకొస్తుంది. ఉత్తరాన విశాఖ, గోదావరి మన్యం అలాంటి చోటే. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి తుపాకులు పట్టుకుపోయిన అల్లూరి సీతారామరాజును పట్టడానికి మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చాయి. అయినా 1924 మే దాకా ఆయన చేతికి చిక్కలేదు. ఎత్తయిన కొండలు, ఇరుకు కనుమలు, వానాకాలంలో విరుచుకుపడే మలేరియా, ఎవరినీ పట్టివ్వని గూడేలు ఆయన పక్షాన నిలిచాయి.

పేరూరు దాటాక ఏ గుట్టెక్కి చూసినా ఆ మన్యానికీ ఈ నేలకూ తేడా అర్థమవుతుంది. ఇక్కడ పది మైళ్ల అవతల నడిచే మనిషి లేపిన దుమ్ము కూడా కనబడుతుంది. పగలు నీడ లేదు. అంతకన్నా పెద్ద చిక్కు దాహం. వేసవిలో పెన్న ఇసుకలో చెలమ తవ్వుకుంటే తప్ప గుక్కెడు నీళ్లు దొరకవు. బావి ఎక్కడుందో, ఏ చెలమ ఊరుతోందో ఊళ్లో అందరికీ తెలుసు. వెతికేవాడికి ఊరూరా తిరిగే పని లేదు, నీళ్ల దగ్గర కూచుంటే చాలు. మన్యంలో ప్రభుత్వం తిరుగుబాటుదారులకు తిండి అందకుండా చేయడానికి నానా పాట్లు పడింది. ఈ పీఠభూమి మీద ఆ పనిని కరువే చేసిపెడుతుంది. కాబట్టి ఇక్కడ తప్పించుకు తిరగాలంటే ఎవరో ఒకరి ఇల్లు కావాలి. కుండలోంచి నీళ్లు ముంచిచ్చి, ఆ సంగతి మరుసటి రోజు మరచిపోగలిగిన ఇల్లు.

పెన్నహోబిలంలో నరసింహస్వామి గుడి మెట్లు దిగి నది తూర్పుకు మళ్లుతుంది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు మధ్య పెన్నార్ జలాశయానికి చేరుతాయి గనక ఇక్కడ కాస్త పచ్చదనం కనిపిస్తుంది. ఇంకా కిందికి పోతే నదికి దక్షిణాన, కొద్ది దూరంలో తరిమెల. తరిమెల నాగిరెడ్డి ఊరు.

నాగిరెడ్డి 1917 ఫిబ్రవరి 11న కలిగిన కుటుంబంలో పుట్టారు. రిషివ్యాలీలో, మద్రాసు లయోలాలో, కాశీ విశ్వవిద్యాలయంలో చదివారు. కమ్యూనిస్టు అయ్యారు. 1952 ఎన్నికల్లో అనంతపురంలో ఆయన ఓడించింది నీలం సంజీవరెడ్డిని. సంజీవరెడ్డి ఊరు ఇల్లూరు దగ్గరలోనే. పైగా ఆయన భార్య నాగరత్నమ్మ నాగిరెడ్డికి తోడబుట్టినది. 1957లో లోక్‌సభకు, తర్వాత రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన నాగిరెడ్డి, సభలో పేదవాడికి జరిగేదేమీ లేదని 1969 మార్చిలో రాజీనామా చేసి బయటికి వచ్చారు. ఆ డిసెంబరులోనే మద్రాసులో అరెస్టయ్యారు. ప్రభుత్వం పెట్టిన కుట్ర కేసులో కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలమే తర్వాత ‘తాకట్టులో భారతదేశం’ అనే పుస్తకమైంది.

1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. నాగిరెడ్డి అజ్ఞాతంలోకి వెళ్లారు. అనంతపురం జిల్లాలో ఆయన ముఖం తెలియని ఊరు ఎక్కడుంటుంది? ఏళ్ల తరబడి ఓట్లడిగిన మనిషి, రైతుల అరుగుల మీద కూచుని మాట్లాడిన మనిషి. ఒకచోట అందరూ ప్రేమించేవాడు అక్కడ దాగడం కష్టం. దాచలేక కాదు, ఆయన వచ్చాడంటే ఆ సంతోషమే పొక్కిపోతుంది. 1976 జూలై 28న హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో ఆయన చనిపోయారు. ఆస్పత్రిలో రాయించిన పేరు ఆయనది కాదు. ఏడాది నిండడానికి మూడు రోజుల ముందు, 1977 జూలై 25న, సంజీవరెడ్డి రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఒకే నది నీళ్లు తాగిన రెండు పక్క ఊళ్ల బావాబావమరుదులు వాళ్లు. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది.

పామిడి దగ్గర నదిని దాటే రహదారి ఉత్తరంగా గుత్తికి పోతుంది. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి అప్పగించాక థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి 80 మంది పాలెగాళ్లను లొంగదీశాడు. ఎదురుతిరిగినవాళ్ల మీదికి పటాలం వెళ్లింది, కొందరు సరిహద్దులు దాటి పారిపోయారు, మిగిలినవాళ్లలో చాలామందికి పింఛను రాశారు. మన్రోను దేవుడిలా తలచుకునేవాళ్లు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు. రైతు మాట విన్న కలెక్టరన్నది నిజమే. కానీ ఆయన ఇక్కడ ముడి వేసిన పింఛను తాడు 46 ఏళ్ల తర్వాత దిగువన తెగింది.

తాడిపత్రి దాటి, గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని నిలువునా చీల్చుకుని పెన్న కడప జిల్లాలోకి దిగుతుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాటాక కమలాపురం వైపు ఉత్తరం నుంచి కుందూ వచ్చి కలుస్తుంది. ఆ కుందూ ఎగువనే కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నొస్సం పాలెగాడికి కూతురి వైపు మనవడు. ఆయనకు వచ్చే పింఛను నెలకు పదకొండు రూపాయల చిల్లర. దాన్ని కూడా తహసీల్దారు కచేరీలో అవమానపడి తీసుకోవాల్సి వచ్చేది. అదే కాలంలో ఊరి కావలి కాసే కట్టుబడుల ఇనాం భూములు సర్కారు లాక్కుంటోంది. పొట్ట కొట్టించుకున్న కట్టుబడులు ఆయన వెనక నడిచారు. 1846 జూలై 10న కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. కడప కలెక్టర్ కాక్రేన్ గాలింపు మొదలుపెట్టాడు. కెప్టెన్ నాట్, లెఫ్టినెంట్ వాట్సన్ బలగాలు ఎర్రమలల్లో, నల్లమలలో తిరిగాయి. ఇక్కడ అడవి ఉంది, కొండ ఉంది, అయినా వేట మూడు నెలలే సాగింది. ఇంటివాళ్లను పట్టి కడపలో ఉంచారు. అడవిలోని మనిషిని ఊళ్లోకి లాగే ఎర అది. అక్టోబరు 6న పేరుసోమల కొండ దగ్గర ఆయన దొరికారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం ముందు ఉరి తీశారు.

వేలాడదీసిన ఆయన తలను కిందికి దించలేదు. వెతుకులాట ముగిసిందని దారినపోయే ప్రతివాడూ చూడాలని దాన్ని అలాగే ఉంచారు, 1877 దాకా. ఆ ఏడాది ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు గంజి కోసం కదిలాయి. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలోనే ఉంది. అలా బయల్దేరి ఇల్లు చేరనివాళ్లు లెక్కలేనంతమంది. వాళ్లను వెతకడానికి ఏ పటాలమూ కదల్లేదు.