మా ఏస్ బండి సెల్ఫ్ చప్పుడు

నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పుల మధ్యలో ఇది బండి గురించిన పోస్టు. కాస్త పొడుగు, ఓపిక చేసుకోండి. మన కాలనీల్లో ఇప్పుడు సెకండ్ హ్యాండ్ ఆటోలు, ఏస్‌లు బాగానే కనపడుతున్నాయి. ఎవరికన్నా పనికొస్తదని రాస్తున్నా.

మాది రేపల్లె దగ్గర యానాదుల కాలనీ. నాయన నిజాంపట్నం వైపు నుంచి పీతలు, చేపలు ఎక్కించుకుని తెల్లారేసరికి తెనాలిలో దింపుతాడు. బండి 2009 మోడల్ టాటా ఏస్. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, 702 సీసీ, సీటు కింద ఉంటది. మా దాకా వచ్చేసరికి ఇద్దరి చేతులు మారింది. నేను బాపట్లలో ఉండి ఐటీఐ చదువుతున్నా, మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు, రెండో ఏడాది.

ఆ బండి మాకు ఏంటో ముందు చెప్పాలి. మా తాత రొయ్యల చెరువు కాపలా. చెరువు రైతు దగ్గర అడ్వాన్సు తీసుకుని, అది తీరక, గట్టు మీద పాకలోనే ఏళ్ళు గడిపాడు. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చిందని నేను హైస్కూల్లో చదివా. ఆ చట్టం వచ్చిన ఎన్నో ఏళ్ళకి కూడా మా తాతకి పెళ్ళికి పోవాలన్నా చావుకి పోవాలన్నా అడిగే పోవాలి. నాయన కూడా కుర్రతనంలో అదే గట్టు మీద పడుకున్నాడు. పీతలమ్మి, అమ్మ పొదుపు గ్రూపులో తీసుకున్న డబ్బు కలిపి ఈ బండి కొన్నాకే గట్టు దిగాడు. అందుకని మా ఇంట్లో బండికి ఖర్చొచ్చిందంటే అమ్మ మొహం ఎట్టా మారుద్దో మీకు చెప్పక్కర్లేదు.

పోయిన కార్తీకంలో మొదలైంది చప్పుడు. తెల్లారుజామున మూడింటికి తాళం తిప్పగానే కర్‌ర్‌ర్ మని, రోట్లో గులకరాళ్ళేసి తిప్పినట్టు. ఒక్కోసారి అంతటితో అందుకునేది. ఒక్కోసారి కరకరే తప్ప ఇంజను తిరిగేది కాదు. అప్పుడు కాలనీ అంతా లేచి తోయాల్సిందే. చిన్నపిల్లలకి అదొక ఆట, మా పిన్నికి మాత్రం రోజూ తిట్లే. తెనాలి మార్కెట్లో ఆగిపోతే తోసేవాళ్ళు కూడా దొరకరు. పీత చచ్చిందంటే దాని రేటు పోయినట్టే.

తెనాలిలో ఒక షెడ్డుకి తీసుకెళ్ళాడు నాయన. ఆయన బానెట్టు కూడా ఎత్తలా, మీదగా విని సెల్ఫ్ పోయిందన్నాడు. (ఏస్‌కి బానెట్టు ఎత్తినా ఇంజను కనపడదు, అది వేరే సంగతి.) రిపేరు చేసిన సెల్ఫ్ ఒకటి ఎక్కించి నాలుగువేల ఐదొందలు తీసుకున్నాడు. ఎనిమిది రోజులు బాగుంది. తొమ్మిదో రోజు మళ్ళీ కర్‌ర్. తిరిగి వెళ్తే, "మీ వాళ్ళకి వల వెయ్యటం వచ్చుగానీ తాళం తిప్పటం రాదు" అన్నాడంట. పక్కన నలుగురు నవ్వారంట. నాయన ఆ మాట నాకు చెప్పలేదు. తమ్ముడు చెప్పాడు.

ఇంకో షెడ్డులో బ్యాటరీ మార్చమన్నారు. ఐదువేలు. ఇంట్లో లేవు. నేను శనివారం సాయంత్రం చెరుకుపల్లి మీదుగా బస్సులో ఇంటికొచ్చేసరికి నాయన చెరువు రైతు దగ్గరికి పోయి అడిగొచ్చి ఉన్నాడు. సోమవారం ఇస్తానన్నాడంట. ఊరికే ఇస్తాడా, పంట తీసేదాకా రాత్రి కాపలా. "రెండు నెల్లేలేరా అబ్బయా" అన్నాడు నాయన. అమ్మ ఏం మాట్లాడలా. పొయ్యి దగ్గర కూర్చుని ఆరిపోయిన పుల్లని ఊదుతానే ఉంది.

ఆదివారం పొద్దున్నే మా క్లాస్‌మేట్ దగ్గర తెచ్చుకున్న మల్టీమీటర్ తీశా.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. సెల్ఫ్ చప్పుడు అన్నీ ఒకటి కాదు. తాళం తిప్పితే టకటకటక అని వరసగా కొట్టుకుంటే ఎక్కువసార్లు బ్యాటరీ దిగిపోయో, వైర్లు లూజయ్యో ఉంటది. గిర్రుమని మోటారు ఒంటరిగా తిరిగి ఇంజను కదలకపోతే, బెండిక్స్‌లో ఉండే క్లచ్ జారుతుందని అనుమానించాలి. కరకర అంటే పన్ను మీద పన్ను సరిగా కూర్చోవట్లేదని. సెల్ఫ్‌లోంచి ఒక చిన్న పళ్ళ చక్రం ముందుకొచ్చి ఫ్లైవీల్ చుట్టూ ఉన్న పెద్ద పళ్ళ రింగుని పట్టుకుని తిప్పుద్ది. ఆ చిన్నదాని పళ్ళు అరగొచ్చు, రింగు పళ్ళు అరగొచ్చు, సెల్ఫ్ బోల్టులు లూజై పక్కకి జరగొచ్చు, సాలినాయిడ్ దాన్ని పూర్తిగా ముందుకి నెట్టకపోవచ్చు. ఇన్ని ఉంటాయి. షెడ్డులో మాత్రం ఒకటే మాట, సెల్ఫ్ పోయింది.

మీటర్ పెడితే బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.5 వోల్టులు. తమ్ముడు తాళం తిప్పుతుంటే 10.6. తిప్పేటప్పుడు తొమ్మిదిన్నర కంటే కిందకి పడితే అనుమానించాలిగానీ, ఇది శుభ్రంగా ఉంది. ఉప్పు గాలికి ఎర్త్ వైరు కొస పచ్చగా చిలుం పట్టి ఉంటే గీకి బిగించా. సెల్ఫ్ బోల్టులు చూశా, గట్టిగానే ఉన్నాయి. చప్పుడు మాత్రం పోలా. అయినా ఒక సంగతి తేలింది. బ్యాటరీ కొనక్కర్లేదు.

నాయనతో అదే చెప్పా. ఒక్కొక్కటీ చూసుకుంటా పోదాం, తెలిసిందాకా రూపాయి పెట్టొద్దు, వారం ఆగమన్నా. నాకు భయమే, చదువుకున్నానని ఎగురుతున్నాడు అనుకుంటాడేమోనని. ఆయన కాసేపు ఆలోచించి, "వరిగట్టు మీద ఎలక్కి పొగ పెట్టినట్టన్నమాట" అన్నాడు. పొగకుండ పట్టుకుని రైతుల చేలల్లో ఎలకలు పట్టినోడు ఆయన. "ముందు బొక్కలన్నీ ఎతికి మూసెయ్యాల. ఒకటి ఇడిసిపెట్టినా పొగంతా దండగ, ఎలక అందులోంచే పోద్ది." మా సార్ రెండు పీరియడ్లు చెప్పిన పాఠం ఇంతకంటే ఎక్కువేం కాదు.

అప్పుడు అడిగా, రోజూ వస్తదా చప్పుడు? లేదు, ఒక్కో పూట అసలు రాదన్నాడు. ఈ ప్రశ్న తెనాలిలో ఎవరూ అడగలా. సెల్ఫ్ చిన్న పళ్ళే అరిగుంటే ఇంచుమించు ప్రతిసారీ రావాలి. రింగు మీద ఒకచోట మాత్రమే అరిగితే, ఇంజను ఆ చోట ఆగిన రోజే వస్తది. ఇంజను ఆపినప్పుడు ఇష్టమొచ్చిన చోట ఆగదు. ఆఖరి చుట్టులో సిలిండర్లో గాలిని నొక్కే బలం చాలక వెనక్కి తగ్గి, ఎప్పుడూ దాదాపు అదే ఒకటి రెండు చోట్ల ఆగుద్ది. కాబట్టి సెల్ఫ్ దెబ్బ కూడా ఏళ్ళ తరబడి ఆ పళ్ళ మీదే పడుద్ది.

నాయనకి ఒక పని చెప్పా. కరకర అనగానే తాళం ఆపెయ్. నాలుగో గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ తీసి, బండిని ఒక అడుగు ముందుకి తోయించు. గేరులో ఉంది గనక చక్రాలతో పాటు ఇంజనూ కొంచెం తిరిగి, రింగు మీద వేరే పళ్ళు సెల్ఫ్ ముందుకొస్తాయి. మళ్ళీ న్యూట్రల్ చేసి అప్పుడు కొట్టు. ఏం జరిగిందో గుర్తు పెట్టు.

ఆయనకి రాయటం రాదు. వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాడు. మామూలుగా అందుకుంటే నిలువు గీత, కరకరంటే అడ్డ గీత, తోశాక శుభ్రంగా అందుకుంటే అడ్డ గీత మీద చుక్క. వచ్చే శనివారం చూస్తే మొత్తం ఇరవైమూడు గీతలు. అడ్డంగా ఏడు. ఏడింటి మీదా చుక్కలున్నాయి.

ఆదివారం ముందు బ్యాటరీ మైనస్ వైరు పీకేశాం. ఇది మర్చిపోవద్దు, సెల్ఫ్‌కొచ్చే లావు వైరు బాడీకి తగిలితే నిప్పులే. సెల్ఫ్ దించి, ఆ కంతలోంచి టార్చి వేసి, తమ్ముణ్ణి గేరులో పెట్టి అంగుళం అంగుళం తోయమన్నా. చాలాదూరం పళ్ళు బాగానే వచ్చాయి. తర్వాత వచ్చాయి తొమ్మిది పళ్ళు, అంచులు కొరికేసినట్టు. నాయన కూడా వంగి చూసి, "ఇదిగో బొక్క" అన్నాడు. సెల్ఫ్ చిన్న చక్రం చూస్తే దాని అంచులు కూడా అప్పుడే లేస్తున్నాయి. కొత్త పళ్ళు గనక ఎనిమిది రోజులు ఎట్టాగో పట్టుకుంది. ఇట్టాగే వదిలేస్తే ఆ నాలుగువేల ఐదొందలు కూడా రింగు తినేసేది.

ఒక మాట దాచకూడదు. ఇంజను అందుకోనప్పుడు నాయన తాళం వదిలిన వెంటనే మళ్ళీ తిప్పేవాడు. ఇంజను ఇంకా ఊగుతుండగా సెల్ఫ్ పళ్ళు పోయి దానికి కొట్టుకుంటే రింగు అరుగుద్ది. అంటే ఆ షెడ్డాయన అన్నదాంట్లో తాళం సంగతి కొంత నిజమే. ఆ ముక్క వరకే చెప్పుంటే మేం నేర్చుకునేవాళ్ళం. వల సంగతి ఎందుకెత్తాడో ఆయనకే తెలియాలి. ఇప్పుడు నాయన ఒకసారికి పది సెకన్లు మించి తిప్పడు, వదిలాక ఇంజను పూర్తిగా ఆగేదాకా లోపల పది లెక్కపెట్టుకుంటాడు.

రింగు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, అది ఇంటి దగ్గర మా వల్ల కాలా. తెనాలిలోనే ఇంకో పెద్దాయన దగ్గరికి పోయాం. గోడ గీతలు ఫోన్లో ఫొటో తీసుకెళ్ళి చూపిస్తే నవ్వలేదు, కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టాడు. రెండు దారులు చెప్పాడు. ఉన్న రింగునే కాల్చి ఊడదీసి పావు చుట్టు తిప్పి ఎక్కిస్తే, అరిగిన చోటు ఇంజను ఆగే చోటు నుంచి పక్కకి పోద్ది, ఖర్చు తక్కువ. లేదా కొత్త రింగు. నాయన కొత్తదే అన్నాడు. రింగుని కాల్చి వేడి మీద ఉండగానే ఫ్లైవీల్ మీద దింపారు, చల్లారేసరికి బిగుసుకుపోయింది. మేకులేం ఉండవు. చూడటానికి భలే ఉంటది, బండి చక్రానికి కమ్మి ఎక్కించటం చూసినోళ్ళకి వెంటనే అర్థమైపోద్ది. రింగు, కూలీ కలిపి మూడువేల రెండొందలైంది. సగం పీతల డబ్బు, సగం నా స్టైపెండు.

చెరువు రైతు మనిషి మధ్యలో ఒకసారి ఇంటికొచ్చి, డబ్బు అక్కర్లేదా అని అడిగాడు. అమ్మే బయటికొచ్చి అక్కర్లేదని చెప్పింది.

రేపల్లె, నిజాంపట్నం, చెరుకుపల్లి వైపు ఎవరి బండికన్నా ఇట్టాంటి చప్పుడుంటే ముందు గీతలు పెట్టండి, తర్వాత మెసేజ్ చెయ్యండి. ఆదివారాలు వస్తా. మల్టీమీటర్ నాది కాదు, అడిగి తెచ్చుకోవాలి, రెండు రోజుల ముందు చెప్పండి.