స్తంభం కాలు తడవకుంటే...

అహోబిలం వెళ్లినవాళ్ల కళ్లన్నీ రాళ్ల మీదే. దిగువన ప్రహ్లాదవరదుడి గుడి, శ్రీకృష్ణదేవరాయలు నిలిపాడని చెప్పే జయస్తంభం. 8 కిలోమీటర్లు పైకెళితే కొండకు అతుక్కున్నట్టుండే ఎగువ అహోబిలం. అక్కణ్నుంచి భవనాశిని వాగు పక్కగా నడిస్తే జ్వాలా నరసింహుడు, ఆయాసపడుతూ ఇంకా ఎక్కితే ఉగ్రస్తంభం... అంతా రాయే. దారిలో తగిలే ఆళ్లగడ్డలో శిల్పులు చెక్కేదీ రాయే!

ఆ రాళ్ల మధ్య, బస్సు కిటికీలోంచి ఓ క్షణం కనిపించి వెనక్కెళ్లిపోయేది ఇంకోటుంది. పాతకాలం మట్టి మిద్దె. వీధివైపు అరుగు, అరుగు మీద వరసగా కొయ్య స్తంభాలు, వాటి తలల మీద చిలకలూ తామరలూ చెక్కిన దిమ్మెలు, వెనకాల రెండు రెక్కల తలవాకిలి. ఊరికి నాలుగో అయిదో మిగిలాయేమో. చాలావాటికి రంగు పెచ్చులూడి, ఓ స్తంభం పక్కకు ఒరిగి, దానికి ఆసరాగా మరో మొద్దు పెట్టి ఉంటుంది. చూసినవాళ్లు 'పాతదైపోయింది పాపం' అనుకుంటారు.

పొరపాటు. కొయ్య పాతదై చావదు. తడిసి, ఆరక చస్తుంది.

ఎండను చూసి భయపడక్కర్లేదు. నంద్యాల, కడప ఎండలకు టేకైనా మద్దయినా పైపైన బూడిదరంగుకు తిరుగుతుంది, గరుకెక్కుతుంది, సన్నగా నెర్రెలిస్తుంది. అది తోలు కమలడమే. లోపలి కండ గట్టిగానే ఉంటుంది. అసలు శత్రువు నీళ్లు. కొయ్యలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే బూజుజాతి శిలీంధ్రాలు మొదలవుతాయి. అవి లోపలి పీచును తినేస్తాయి, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది! వేలితో నొక్కితే లోపలికి దిగబడినప్పుడుగానీ తెలియదు.

వానలు అంతంతమాత్రంగా పడే సీమలో కొయ్యకు నీళ్లెక్కడివి అనిపిస్తుంది. పడేది తక్కువే, కానీ పడిందంటే ఒక్క పూటలో కుమ్మరిస్తుంది. మట్టి మిద్దె కట్టినవాళ్లకు ఇది బాగా తెలుసు. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటిపైన మట్టి, అన్నిటికీ పైన చవుడు. ఆ చవుడు నీటిని తొందరగా దిగనివ్వదు, గడ్డినీ మొలవనివ్వదు. అందుకే ఏటా వానలకు ముందు మిద్దె మీద కొత్త చవుడు పరిచేవాళ్లు. ఆ ఒక్క పని రెండేళ్లు మానేస్తే చాలు. దూలం గోడలోకి దిగేచోట ఓ తడి మరక కనిపిస్తుంది. కింద స్తంభానికి ఎంత నూనె రాసినా లాభం లేదు, పైనుంచే నీళ్లు వస్తున్నాయి మరి. కాబట్టి కొయ్యను కాపాడాలనుకునేవాళ్లు ముందు నిచ్చెనెక్కి మిద్దె చూడాలి.

తర్వాత చూడాల్సినవి రెండే. స్తంభం కాలు, గడప.

చిత్రమేమిటంటే, అహోబిలం కథంతా ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది. స్వామి పుట్టింది స్తంభంలోంచి. హిరణ్యకశిపుణ్ని చంపింది ఇంటా బయటా కాని గడప మీద. దేవుడు ఎంచుకున్న ఆ రెండుచోట్లే చెదలూ ఎంచుకుంటాయి! కారణం మాత్రం భక్తి కాదు. కొయ్య పీచు గొట్టాల కట్టలాంటిది. పక్కనుంచి నీటిని మెల్లగా తీసుకుంటుంది, కోసిన కొస నుంచి మాత్రం గటగటా తాగేస్తుంది. స్తంభం కాలు అలాంటి కొసే. అందుకే పాత వడ్రంగులు దాన్ని నేలమీద పెట్టలేదు, జానెడెత్తు రాతి దిమ్మె మీద నిలబెట్టారు. వానకు తడిసినా గాలికి ఆరిపోయేది.

ఆ దిమ్మెల్ని మనవాళ్లే పూడ్చేశారు. అరుగుకు సిమెంటు చేయించి, 'అందంగా ఉంటుందని' స్తంభం చుట్టూ దాకా ఎత్తి నున్నగా పూసేశారు. సిమెంటుకూ కొయ్యకూ మధ్య సందులో వాననీళ్లు, రోజూ అరుగు కడిగిన నీళ్లు దిగి, బయటికి దారిలేక అక్కడే ఉండిపోతాయి. మంచి టేకు స్తంభమైనా అలా నానుతూ ఎన్నాళ్లుంటుంది? వీధులు ఎత్తు పెంచి సిమెంటు రోడ్లు వేయడంతో గడపలకూ ఇదే గతి పట్టింది. నూరేళ్లు వీధికన్నా ఎత్తున ఉన్న గడప ఇప్పుడు వీధినీళ్లకు కాలవైంది.

రెండో తప్పు రంగు. పండగ పండగకూ పాతదాని మీదే ఎనామిల్ పూస్తూపోతే అట్టకడుతుంది. ఎండకు కొయ్య ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది, ఆ అట్ట మాత్రం కదల్లేక పగులుతుంది. పగుల్లో దూరిన నీరు రంగు వెనక ఇరుక్కుంటుంది. లప్పం పెట్టి పగులు మూసేస్తే పని పూర్తయినట్టే కనిపిస్తుంది. నిజానికి నీళ్లను లోపల పెట్టి తలుపేసినట్టు! పాత రంగు గీకించేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. ఒకప్పటి ఎనామిళ్లలో సీసం దండిగా ఉండేది. మన దేశంలో రంగుల్లో సీసానికి గట్టి పరిమితి 2017లోగానీ అమల్లోకి రాలేదు. అందుకే ఉప్పుకాగితంతో పొడిపొడిగా రుద్దకూడదు. తడిపి గీకాలి, ఆ పొట్టు పిల్లలకు అందకుండా ఎత్తేయాలి.

పాతవాళ్ల పద్ధతి నూనె. వేపనూనె, కానుగనూనె పురుగును దూరంగా ఉంచుతాయిగానీ ఆరవు, దుమ్ము పట్టుకుంటుంది. బయటి కొయ్యకు బాగా పనికొచ్చేది అవిసె నూనె. రంగుల దుకాణంలో 'డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్' అంటే ఇస్తారు. మొదటి పూత టర్పెంటైన్ కలిపి పల్చగా, తర్వాతవి చిక్కగా, పూతకూ పూతకూ మధ్య బాగా ఆరనిచ్చి వేస్తే కొయ్య తాగుతుంది. పైన మిగిలింది తుడిచేయాలి. తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూలకు విసరొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండచుట్టిన గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. నీళ్లలో నానబెట్టో, విడివిడిగా ఆరేసో పారేయాలి.

ఎప్పుడు చేయాలన్నదీ ముఖ్యమే. కార్తీకం దాకా వాన భయం ఉంటుంది. పుష్యం వచ్చేసరికి కొయ్య లోపలి తడి ఆరిపోతుంది, ఎండ ఇంకా ముదరదు. సరిగ్గా అప్పుడే సంక్రాంతి. అహోబిలం పారువేట మొదలయ్యేదీ అప్పుడే. చెంచులక్ష్మితో తన పెళ్లికి స్వామి తానే ఊరూరా వచ్చి పిలుస్తాడని నమ్మకం. పల్లకి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి ఫాల్గుణ బ్రహ్మోత్సవాల వేళకు కొండకు చేరుతుంది. స్వామి గుమ్మంముందుకొస్తుంటే సున్నం కొట్టకుండా, వాకిలి తుడవకుండా ఎవరుంటారు? ఆ పనుల్లోనే స్తంభాలకింత నూనె పెట్టడమూ కలిపేసుకుంటే ఏడాది బెంగ తీరినట్టే.

మరి కాలు అప్పటికే పుచ్చిపోతే? అక్కడే ఇళ్లల్లో గొడవ మొదలవుతుంది. 'కొట్టేసి స్లాబు ఏసుకుందాం నాయనా, ఎన్నాళ్లీ మొద్దులు' అని పట్నంలో ఉండే కొడుకు. 'నేను పోయినాక ఏమన్నా చేసుకోండప్పా' అని పెద్దాయన. కొడుకుదీ పూర్తిగా తప్పనలేం. ఏటా చవుడు మోసే మనుషుల్లేరు, ఆ పని తెలిసిన వడ్రంగులూ తగ్గిపోయారు. ఎదురుగా నల్లమల ఉన్నా అది రిజర్వు అడవి, కొమ్మ కొట్టడానికి లేదు. ఈలోగా పాత సామాను కొనేవాళ్లు వచ్చి స్తంభాలకూ తలవాకిలికీ బేరం పెడతారు. ఆ తలుపు నగరంలో ఏ హోటలుకో అలంకారమవుతుంది.

అయినా కాలు పుచ్చినంత మాత్రాన స్తంభమంతా పోయినట్టు కాదు. జపాన్‌లోని హోర్యూజీ ఆలయం సుమారు 1300 ఏళ్లుగా నిలిచే ఉంది, ప్రపంచంలో మిగిలిన అతిపాత కొయ్య కట్టడాల్లో ఒకటి. అక్కడి వడ్రంగులు పుచ్చిన మొదలు మటుకే కోసి, మంచి కొయ్య అతుకుతారు. మన వడ్రంగికీ తెలిసిన విద్యే. ఉలితో పొడిచి చూస్తూ గట్టి కొయ్య ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టుకుంటాడు. దూలం కింద జాకీలు పెట్టి బరువెత్తుతాడు. పుచ్చినంత మేరా ఏటవాలుగా కోసి, కలప అడితీలో దొరికిన పాత దూలం ముక్కను అదే వాలుకు చెక్కి, కొయ్య మేకులతో బిగిస్తాడు. ఈలోగా చుట్టూ సిమెంటు పగలగొడితే రాతి దిమ్మె మళ్లీ బయటపడుతుంది. కొత్త కాలి కొసకు నూనె పట్టిస్తాడు.

జాకీలు దించేటప్పుడే అందరికీ గుండెదడ. ఇంట్లోవాళ్లంతా వీధిలోకొచ్చి నిలబడతారు. దూలం కిర్రుమంటుంది, పైనుంచి గుప్పెడు మట్టి రాలుతుంది. వడ్రంగి స్తంభం మీద అరచెయ్యి ఆనించి, బరువు దిగిందో లేదో చూస్తాడు.