చుట్టమై వచ్చిన చుట్ట

నెత్తురు గడ్డకట్టుట ప్రకృతి మనకిచ్చిన రక్షణము. వ్రేలు తెగినప్పుడు ఆ గుణమే లేకున్న మనము బ్రతుకజాలము. కాని గాయము లేనిచోట, నాళములోపలనే నెత్తురు గడ్డకట్టెనేని రక్షకుడే భక్షకుడైన చందమగును. రక్తనాళములకు దీర్ఘకాలపు శోథము, అనగా వాపు, పట్టిన రోగులకు ఈ యపాయ మెక్కువ. అట్టి రోగములలో మన యిండ్లలోని యొక యలవాటుతో విడదీయరాని సంబంధము గలది బర్జర్ వ్యాధి.

దీనిని 1879లో ఆస్ట్రియా దేశపు వైద్యుడగు ఫెలిక్స్ ఫాన్ వినివార్టర్ వర్ణించెను. 1908లో న్యూయార్కు నగరమున లియో బర్జర్ అను వైద్యుడు, రోగులనుండి కోసి తీసివేసిన 11 అవయవములను పరీక్షించి దీని స్వరూపమును విశదపరచెను. వృద్ధులకు ధమనులు పూడుట సాధారణముగా గోడలలో క్రొవ్వు పేరుకొనుటచేత. ఇందు అట్లు కాదు. కాలిచేతులలోని చిన్నవియు నడిమితరపువియు నగు నాళములు వాచి, వానిలో గడ్డలు ఏర్పడి నెత్తురు దారిని మూసివేయును. రోగులలో పెక్కుమంది 45 ఏండ్లు నిండని పొగత్రాగువారు. మొదట నడచునప్పుడు పాదమునందో పిక్కయందో నొప్పి కలుగును, నిలిచినచో తగ్గును. పిదప కూర్చున్నను పరుండినను నొప్పియే. వ్రేళ్ళు చల్లబడి, పుండ్లుపడి, నల్లబడును. తుదకు శస్త్రవైద్యుని కత్తియే గతి.

నెత్తురును పలుచపరచు మందులు ఈ రోగమును నిలుపునని రుజువు కాలేదు. మూతపడినవి సన్నని నాళములగుటచే, శస్త్రముచేత క్రొత్తదారి కల్పించుటయు పలువురికి సాధ్యము కాదు. పొగాకును సంపూర్ణముగా విడుచుటయే ముఖ్యచికిత్స. వ్రేళ్ళు కుళ్ళకముందే విడిచినవారికి అవయవము కోల్పోవుట మిక్కిలి అరుదు. దినమున కొకటి రెండు కాల్చినను రోగము రగులుచునే యుండును. నమలెడి పొగాకునకును మినహాయింపు లేదు.

మే మెఱిగిన యొక కుటుంబమున ఇంటి పెద్దకొడుకు ఈ వ్యాధిచే రెండు వ్రేళ్ళు పోగొట్టుకొనెను. వైద్యుడు చుట్టను నిషేధించెను. నెల తిరుగక మునుపే తల్లి, "పాపము, ఇంత బాధపడుచున్నాడు, అన్నము తిన్న పిదప ఒక్కటి కాల్చిన నేమి?" అని తన చేతులతో చుట్ట తెచ్చి యిచ్చెను. ఆమె ప్రేమను మేము శంకింపము. ఏడాదిలోపల పాదమే పోయినది. చుట్టమై వచ్చి దయ్యమై పట్టుట యనిన నిదియే.

మన గృహములలో రోగిని బాధ్యతగా చూచుకొనుట యనగా అడిగిన దెల్ల ఇచ్చుట యను భావము పాతుకొనియున్నది. ఈ వ్యాధిలో ఆ మెత్తదనము విషముతో సమానము. కనుక చదువరు లొకటి గమనింపవలెను. పొగత్రాగు యువకుడు నడచునప్పుడు కాలునొప్పి యనినచో, వాతమని తైలము మర్దించుచు కాలము గడపక వైద్యునికి చూపుడు. రోగము నిర్ణయమైన నాడు, అతని చుట్టలనే కాక తండ్రి బీడీలను, తాత పొడుముకాయను గూడ ఇంటినుండి వెడలనంపుడు. ఎదుట నొకరు కాల్చుచుండగా అతడొక్కడే మానవలె ననుట న్యాయము కాదు.